నాన్న స్వెటరు, అమ్మ కొలత

అమ్మ కుడి భుజం పట్టేసి ఏడాది దాటింది. చెయ్యి చెవి దాకా లేవదు. జడ నేనే వేస్తున్నాను. రవికకు ముందువైపు హుక్కులు కాబట్టి దానితో పేచీ లేదు. పేచీ అంతా స్వెటరుతోనే. తలమీదుగా తొడుక్కునేది ఏదీ ఇప్పుడామెకు పనికిరాదు. డిసెంబరులోనూ తెల్లవారకముందే లేచి పాలు కాచే మనిషి. శాలువా కప్పుకుంటే పొయ్యి దగ్గర వంగినప్పుడల్లా జారుతుంది. స్టవ్ మంట పక్కన వేలాడే ఆ అంచును చూస్తే నాకు గుండె ఆగుతుంది.

"ముందు గుండీలున్న స్వెటరు కొత్తది కొనుక్కొస్తాను" అన్నాను.

"డబ్బులు దండగ. బీరువాలో మీ నాన్నది ఉందిగా, దాన్ని కోసి కుట్టు" అంది.

నాకు వెంటనే నోట మాట రాలేదు. నాన్న పోయి తొమ్మిదేళ్లు. ఆయన చొక్కాలు ఎవరెవరికో ఇచ్చేశాం. చేతి గడియారం తమ్ముడు పెట్టుకున్నాడు. ఆ స్వెటరు మాత్రం నాఫ్తలీన్ ఉండల మధ్య అలాగే ఉండిపోయింది. ఏటా ఒకసారి తీసి, ఎండలో వేసి, మడత పెట్టి మళ్లీ లోపల పెట్టడమే దానికి మేం చేసే సేవ.

1982 చలికాలంలో కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో అమ్మ దాన్ని అల్లింది. నాన్న గూడ్స్ గార్డు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా బండి చివరి పెట్టెలో ఆయన ఒక్కడే, రాత్రి పూట, గోదావరి వంతెన మీదుగా, అడవుల పక్కగా, పచ్చ దీపం చేత్తో పట్టుకుని వెళ్లేవాడు. ఆ ఉద్యోగాన్ని ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు. 2022లో మారిన ఆ పేరు నాన్న వినలేదు. మాది తెనాలి వైపు. మా ఇళ్లలో ఊలు అల్లిక ఎవరికీ రాదు, అవసరమూ లేదు. ఎదురు క్వార్టర్‌లోని పంజాబీ ఆవిడ దగ్గర అమ్మ నేర్చుకుంది. అందుకే తెలుగు తప్ప మరో భాష సరిగా రాని అమ్మకు ఈనాటికీ అల్లిక మాత్రం హిందీలోనే వస్తుంది. రెండు సీధా, రెండు ఉల్టా. అంచు రిబ్బు అల్లేటప్పుడు ఆ లెక్క పైకే చెప్పుకునేది. ఒకటి రెండు మూడు కంటే ముందు నేను నేర్చుకున్న లెక్క అదే.

ముదురు మెరూన్ రంగు, ముందు కోసు మెడ, పొడుగు చేతులు. అలాంటి దానికి కత్తెర పెట్టమంది, అల్లిన మనిషే.

కత్తెరకు ముందు

నాకు కుట్టు వచ్చు. రవికలు, పిల్లల గౌన్లు, దిండు గలీబులు ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను. కానీ అవన్నీ నేత బట్టలు. నేతలో పడుగు నిలువుగా, పేక అడ్డంగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కోస్తే అంచున నాలుగు పోగులు ఊడతాయి, మిగతా గుడ్డ గుడ్డగానే ఉంటుంది. అల్లిక తీరు వేరు. అందులో ఉన్నది ఒకటే దారం. ఆ దారంతోనే ఒక ఉచ్చు, ఆ ఉచ్చులోంచి ఇంకొకటి, దానిలోంచి మరొకటి. ఎక్కడా ముడి లేదు. కిందివరస జారకుండా పైవరస పట్టుకుని ఉంటుంది, అంతే. ముడి లేదు కాబట్టే స్వెటరు సాగుతుంది, ఒంటికి హత్తుకుంటుంది. ముడి లేదు కాబట్టే ఒకచోట తెగితే నిచ్చెన మెట్లలాగా కిందిదాకా జారుతుంది.

మొత్తం విప్పేసి కొత్తగా అల్లుకోవాలన్నా దానికో దారి ఉంది. కింది అంచు దగ్గర మొదలుపెట్టి మెడ దగ్గర ముగించిన అల్లికను మెడ నుంచే విప్పాలి. మొదలుపెట్టిన కొస పట్టుకు లాగితే చిక్కుపడి ఆగిపోతుంది. విప్పిన ఊలు వంకులు వంకులుగా ఉంటుంది. దాన్ని చిలపలుగా చుట్టి, నీళ్లలో నానబెట్టి, కింద చిన్న బరువు కట్టి ఆరేస్తే సాఫీ అవుతుంది. కొన్న స్వెటర్లతో ఈ పని అన్నిసార్లూ కుదరదు. పక్క కుట్టు విప్పి చూడండి. అక్కడ ఓవర్‌లాక్ ఉంటే ఆ అల్లికను థానులాగా అల్లి కోశారన్నమాట. విప్పితే ప్రతి వరసకూ ఒక తెగిన ముక్క వస్తుంది, ఉండ రాదు.

అమ్మ చేతులు ఇప్పుడు మళ్లీ అంత అల్లలేవు. కాబట్టి విప్పే దారి మాకు లేదు. కోయాల్సిందే. కోసినా జారకుండా ఉండాలంటే ఊలును ముందు దట్టం చెయ్యాలి.

ఊలు పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే పైన చేప పొలుసుల్లాంటి పొరలు ఉంటాయి. అన్ని పొలుసులూ ఒకే దిక్కుకు, మొదలు నుంచి కొసకు వాలి ఉంటాయి. వేడినీళ్లు, సబ్బు తగిలి, చేత్తో రుద్దుతుంటే పోగులు కదులుతాయి. పొలుసులు వాలిన తీరు వల్ల ఒకే వైపు జరగగలవు, వెనక్కి రాలేవు. జరిగిన కొద్దీ ఒకదాన్నొకటి పెనవేసుకుని బిగుస్తాయి. స్వెటరు కుంచించుకుపోయి చెట్టంత మగవాడిది చంటిపిల్లాడికి సరిపోయే ఆ ప్రమాదం ఇదే. కావాలని, కొలత చూసుకుంటూ చేస్తే ఇదే విద్య. కశ్మీరులో నమ్దా తివాచీలు చేసేది ఊలుకున్న ఈ గుణంతోనే. బాగా దట్టమైన ఊలును కోస్తే జారడానికి ఉచ్చులంటూ విడిగా మిగలవు. మందపాటి గుడ్డలాగా తెగుతుంది.

ఊలు మన పంట కాదనుకుంటాం గానీ, గొంగడి మనదే. తెలంగాణ పల్లెల్లో దక్కనీ గొర్రెల నల్ల ఉన్నిని కురుమ ఆడవాళ్లు వడికితే మగవాళ్లు నేసేవారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించేవారు. కాపరి దాన్నే కప్పుకునేవాడు, దాన్నే పరుచుకునేవాడు, వాన వస్తే కొప్పెర పెట్టుకునేవాడు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అనే సామెత అలాంటి బతుకులోంచి వచ్చింది.

నా లెక్క ఇదీ. స్వెటరు చుట్టుకొలత 42 అంగుళాలు. అమ్మకు రవిక మీద, చీర మీద వదులుగా ఉండాలంటే 36 చాలు. కుదించడం తెలిస్తే నాన్న కొలత దానంతటదే అమ్మ కొలతకు దిగుతుంది.

ఎడమ చెయ్యి

మొత్తాన్ని ఒకేసారి వేడినీళ్లలో ముంచే ధైర్యం లేక, ముందు ఎడమ చేతిని కుట్టు విప్పి వేరుచేశాను. చేత్తో వేసిన కుట్టు. నలభై ఏళ్లయినా ఒక్కచోట వదులు కాలేదు. బకెట్‌లో చెయ్యి పట్టగలిగినంత వేడినీళ్లు, సబ్బు. ఇరవై నిమిషాలు రుద్దాను. చన్నీళ్లలో ముంచి పిండి, టేపు పెట్టి చూశాను. ముందు 19 అంగుళాలు. తర్వాతా 19 అంగుళాలు.

ఇంకా వేడి చేశాను. ఇంకో ఇరవై నిమిషాలు. వేళ్లు ఎర్రబడ్డాయి గానీ అల్లిక ఇసుమంత కదల్లేదు. మొండికేసి ఒక మూల కోసి చూస్తే, ఉచ్చులు సర్రున జారిపోయాయి. ఏదో తప్పు చేస్తున్నానని బాధపడుతూ మిగతా స్వెటరును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పరిచాను. అప్పుడు కనిపించింది. పురుగు కొట్టిన చిల్లులు ఏడు ఉన్నాయి. ఏడూ వీపు మీద, ఛాతీ మీదే. చేతుల మీద ఒక్కటి కూడా లేదు.

బట్టలు కొట్టేది ఎగిరే పురుగు కాదు, దాని పిల్ల. వెంట్రుకలో, ఈకలో, ఊలులో ఉండే కెరటిన్ దాని తిండి. ఒకే బీరువాలో, ఒకే మడతలో అన్నేళ్లు ఉన్న చేతులను అది ఎందుకు ముట్టుకోలేదు? రంగు కూడా గమనించాను. ఒంటి భాగం వెలిసి ఇటుక రంగుకు తిరిగింది. చేతులు మాత్రం ఇంకా మెరూన్‌గానే ఉన్నాయి.

రెండింటిలోంచీ చెరో పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించాను. ఒంటి పోగు జుట్టు కాలిన కమురు వాసన వేసి, మంట తీయగానే ఆరిపోయింది. బూడిద వేళ్ల మధ్య పొడి అయింది. చేతి పోగు కరిగి, ముడుచుకుని, కొసన నల్లటి గట్టి పూస కట్టింది. అది ఊలు కాదు, అక్రిలిక్.

అమ్మ పప్పు ఏరుతోంది.

"చేతులు ఊలు కాదమ్మా."

"కాదు" అంది, చాట మీంచి తలెత్తకుండా.

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"వెనక భాగం, ముందు భాగం అయ్యేసరికి ఊలు అయిపోయింది. నెలాఖరు. మళ్లీ అంత పెట్టి కొనే వీలు లేదు. క్యాష్‌మిలాన్ చవకలో వచ్చింది. రాత్రి దీపం కింద పక్కపక్కన పెట్టి చూస్తే రంగు కలిసింది. పొద్దున చూస్తే కలవలేదు. అప్పటికే ఒక చెయ్యి సగం అల్లేశాను."

"నాన్నకు తెలుసా?"

కాసేపు పప్పులో రాళ్లే ఏరింది. "ఛాతీకి ఊలు పడితే చాలనుకున్నా. చేతులకు కోటు ఉంటుందిగా."

నలభై ఏళ్లు ఎవరికీ చెప్పని మాట. చలి ఎక్కడ కొడుతుందో ఆలోచించి, ఉన్న ఊలంతా అక్కడే పెట్టింది. నేనైతే అంచులో నాలుగు వరసలు తగ్గించి చేతులకు సర్దేదాన్నేమో. నాకు ఆ రోజు మిషను ముందు కూర్చోబుద్ధి కాలేదు.

మీ బీరువాలో ఉన్నది ఏది?

అక్రిలిక్ పోగును అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1950లో మార్కెట్‌కు తెచ్చింది. క్యాష్‌మిలాన్ అనేది నిజానికి ఒక జపాన్ కంపెనీ తన అక్రిలిక్‌కు పెట్టుకున్న పేరు. మన దేశంలో మాత్రం అది ఊలు లాంటి చవక దారానికంతటికీ పేరైపోయింది. చలికాలం రాగానే మన ఊళ్లలో వరసగా దుకాణాలు వేసే టిబెటన్ల దగ్గర కొనే స్వెటర్లలో చాలా వరకు లూధియానా మిల్లుల సరుకు. వాటిలోనూ అక్రిలిక్‌దే పెద్ద వాటా. కాబట్టి ఇది చదివి ఉత్సాహంగా బకెట్‌లో వేడినీళ్లు పోసే ముందు ఒక్క పోగు కాల్చి చూడండి. కుంచించుకుపోకుండా శుద్ధి చేసిన ఊలు కూడా ఉంటుంది. చీటీ మీద మిషన్ వాష్ అని ఉంటే అదీ దట్టపడదు.

అక్రిలిక్ అని తేలితే దిగులు పడక్కర్లేదు, దారి మారుతుంది. కోయబోయే గీతకు అటూ ఇటూ ముందు జిగ్‌జాగ్ కుట్టు రెండు వరసలు వేసి, ఆ తర్వాతే మధ్యలో కోయాలి. ఇంట్లో జిగ్‌జాగ్ లేకపోతే చీరలకు పీకో చేసే దుకాణం ఏ వీధిలోనైనా ఉంటుంది. సూది మొన గుండ్రంగా ఉన్నది అడిగి వేయించుకోవాలి. వాడి మొన దారాన్ని చీలుస్తుంది, గుండ్రటి మొన రెండు పోగుల మధ్య తోవ చేసుకుని వెళ్తుంది. మిషను పాదం ఒత్తిడి తగ్గించాలి. లేకపోతే అల్లిక సాగి, కుట్టిన అంచు అప్పడంలా అలలు తేలుతుంది. భుజం కుట్టులో సన్నటి నాడా ముక్క కలిపి కుడితే బరువుకు వేలాడదు. అక్రిలిక్ మీద వేడి ఇస్త్రీ మాత్రం పెట్టకండి. ఒకసారి చచ్చుబడిన అల్లిక మళ్లీ లేవదు.

అన్నిటికంటే పనికొచ్చే మాట ఒకటుంది. పాత స్వెటరుకు ఉన్న రిబ్బు అంచును వృథా చెయ్యకండి. దాని అంచునే కొత్తదానికి అంచుగా పెట్టుకుంటే సగం పని తప్పుతుంది. చేతి మణికట్టు దగ్గరి బిగువు పసిపిల్లల టోపీ అంచవుతుంది, మేజోడు పైభాగం అవుతుంది.

పాత స్వెటర్లను ఇలా కోసి కుట్టుకునేది మనం ఒక్కళ్లమే కాదు. 2021 జనవరి 20న అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారంలో సెనేటర్ బెర్నీ శాండర్స్ కుర్చీలో ముడుచుకుని కూర్చున్న ఫొటో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రపంచమంతా చూసిన ఆయన చేతి తొడుగులు పాత ఊలు స్వెటర్లను కోసి కుట్టినవి. అప్పట్లో వెర్మాంట్‌లో రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే జెన్ ఎల్లిస్ వాటిని కుట్టి ఆయనకు కానుకగా పంపారు. లోపలి లైనింగు ప్లాస్టిక్ సీసాలను కరిగించి చేసిన బట్ట. ఆ ఫొటో ముద్రించిన చొక్కాలు లాంటివి అమ్మి శాండర్స్ బృందం కొద్ది రోజుల్లోనే 18 లక్షల డాలర్లు వెర్మాంట్‌లోని సేవా సంస్థలకు ఇచ్చింది. నేను ఆ ఫొటోను పెద్దది చేసి చూసింది తొడుగుల కోసమే.

ఎల్లిస్ కుట్టింది కానుకగా. ప్రాణావసరంగా కుట్టుకున్న కాలమూ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ 1941 జూన్ 1 నుంచి బట్టలకు రేషన్ పెట్టింది. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు. అల్లుకునే ఊలు కూడా కూపన్ల మీదే, రెండు ఔన్సులకు ఒకటి. పాత స్వెటరు విప్పుకున్న ఊలుకు మాత్రం కూపన్ అక్కర్లేదు. ఉన్నదాన్ని బాగుచేసి వాడుకొమ్మంటూ 1943లో ప్రభుత్వమే చిన్న పుస్తకం వేసింది. యుద్ధం ముగిశాక కూడా, 1949 దాకా, అక్కడి ఇల్లాళ్లు కూపన్లు లెక్కపెడుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ దేశాలు వదిలేసిన స్వెటర్లలో ఎన్నో మన దగ్గరికే వస్తున్నాయి. కాండ్లా రేవులో దిగి, హర్యానాలోని పానిపట్ చేరతాయి. మళ్లీ ఎవరూ తొడుక్కోకుండా ముందే చీల్చి ఉంటాయి. అక్కడి ఆడవాళ్లు వాటి గుండీలు, జిప్పులు, చీటీలు కోసి, రంగుల వారీగా కుప్పలు పెడతారు. యంత్రం వాటిని మళ్లీ పీచు చేస్తుంది, ఆ పీచు దారమై కంబళి అవుతుంది. పాత ఊలును ఇలా చీల్చి దారం తీసే పద్ధతిని 1813లో ఇంగ్లండులోని బాట్లీలో బెంజమిన్ లా కనిపెట్టాడు. పానిపట్ ఆడవాళ్ల మీద 2012లో మేఘనా గుప్తా అన్‌రావెల్ అనే చిన్న డాక్యుమెంటరీ తీశారు. ఇంత మంచి బట్టలు ఎందుకు పారేస్తున్నారో వాళ్లకు అంతుపట్టదు. అక్కడ నీళ్లు ఖరీదేమో, ఉతకలేక పారేస్తున్నారేమో అనుకుంటారు. ఆ మాట విన్నప్పటి నుంచి బట్ట పారేసే ముందు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతోంది.

అమ్మ ఎదురుగా

మర్నాడు పని మొదలుపెట్టాను. రెండో చెయ్యి కుట్టు విప్పాను. మెడ రిబ్బు కూడా చివర్లో అల్లిందే కాబట్టి అదీ క్యాష్‌మిలానే. దాన్ని పైనుంచి వరస వరసగా విప్పి, మిగిలిన ఉచ్చులన్నిటిలోంచి నూలుదారం ఒకటి గుచ్చి ఉంచాను. అప్పుడు ఒంటి భాగాన్ని మాత్రం వేడినీళ్లలో దించాను.

ఈసారి అయిదు నిమిషాలకే చేతికి తెలిసింది. నీళ్లలో గుడ్డ బరువెక్కింది. ఉచ్చుల మధ్య సందులు పూడుకుపోతూ, వేలికి గరుకుగా, ఒత్తుగా తగిలింది. ప్రతి అయిదు నిమిషాలకూ తీసి కొలిచాను. అడ్డం కంటే నిలువు ఎక్కువ తగ్గుతుంది, అది ముందే లెక్కలో పెట్టుకోవాలి. చుట్టుకొలత 36కు వచ్చేసరికి పొడవు 26 నుంచి ఇరవైన్నరకు దిగింది. అమ్మ నడుము దాకా సరిపోతుంది. వెంటనే చన్నీళ్లలో ముంచి, తువ్వాలులో చుట్టి నీళ్లు ఒత్తి, నేల మీద చదునుగా ఆరబెట్టాను. తీగ మీద వేస్తే సాగుతుంది. ఏడు చిల్లుల్లో అయిదు వాటంతట అవే మూసుకున్నాయి.

రెండో రోజు సాయంత్రానికి ఆరింది. ముందు భాగం నడిమి గీతను సుద్దతో కాకుండా తెల్లదారంతో ఓడకుట్టు వేసి గుర్తుపెట్టాను. సుద్ద ఊలు మీద నిలవదు. అమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. కత్తెర చేతిలో పట్టుకుని ఆమె ముఖం చూశాను.

"చూస్తావేం, కోయ్. వంకర పోతే నాకు తెలుస్తుంది."

కోశాను. ఒక్క ఉచ్చు జారలేదు. చంకల దగ్గర రెండంగుళాలు లోతుగా తీశాను, చెయ్యి లేపకుండానే దూరేటట్టు. ఆగిపోయిన భుజానికి బట్ట తొడిగేటప్పుడు నొప్పి ఉన్న చేతిని ముందు దూర్చాలి, తీసేటప్పుడు దాన్ని చివరికి ఉంచాలి. కోత ఆ వరసకు వీలుగా ఉండాలి.

చేతులను పారేసే ప్రశ్నే లేదు. వాటిని అడ్డంగా, రెండంగుళాల పట్టీలుగా గుర్తుపెట్టి పీకో దుకాణానికి పట్టుకెళ్లాను. "ఏం గుడ్డక్కా ఇది?" అన్నాడు దుకాణం కుర్రాడు. మా అమ్మ అల్లిందని చెబితే మిషను ఆపి, పాదం సర్ది, ముందు వేరే ముక్క మీద కుట్టి చూసి మరీ వేశాడు. జిగ్‌జాగ్ వేసిన గీతల పక్కనే కోసి పట్టీలు చేశాం. దట్టమైన ఊలు అంచు మందంగా ఉంటుంది, మామూలు పైపింగ్ గుడ్డ దాని చుట్టూ తిరగదు. అల్లిక పట్టీ సాగి చక్కగా చుట్టుకుంది. చంకలకు, మెడకు, ముందు రెండు అంచులకు ఆ మెరూన్ పట్టీలే. ఇప్పుడు రంగు తేడా దాచాల్సిన పని లేదు. వెలిసిన ఇటుక రంగు ఒంటికి ముదురు అంచు కావాలనే వేసినట్టుంది.

మూసుకోని రెండు చిల్లులూ ఎడమవైపు ఛాతీ కింద, దగ్గర దగ్గరగా ఉన్నాయి. వాటి మీద ఒక మణికట్టు బిగువుతో జేబు కుట్టాను. గుండీలు అయిదు, రూపాయి బిళ్లంత పెద్దవి. ఆడవాళ్ల కుట్టులో గుండీలు ఎడమ పక్కన, కాజాలు కుడిపక్కన ఉండటం పాత పద్ధతి. ఎడమచేత్తో గుండీ పట్టుకుని పెట్టుకోవాల్సిన అమ్మకు ఆ పద్ధతే కలిసొచ్చింది.

శనివారం రాత్రి ఇచ్చాను. అమ్మ వెంటనే తొడుక్కోలేదు. ముందు తిరగేసింది. కళ్లజోడు పెట్టుకుని లోపలి కుట్టు మీద వేలు నడుపుతూ కింది అంచు నుంచి మెడ దాకా వెళ్లింది. పాత రిబ్బు అంచు దగ్గర ఆగి, పెదవులు కదుపుతూ కొంచెం దూరం లెక్కపెట్టింది. రెండు సీధా, రెండు ఉల్టా. జేబులో చెయ్యి పెట్టి, వెనక ఉన్న చిల్లులు వేలికి తగిలితే, "వీటికి రఫూ చెయ్యి తర్వాత" అంది. కుడి చంక దగ్గర మళ్లీ ఆగింది.

"ఇదిగో, ఇక్కడ ముడి వెయ్యలేదు నువ్వు."

నిజమే, దారం కొస వదిలేశాను. సూది అందుకుని ముడి వేస్తుంటే, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, దూర్చడానికి సిద్ధంగా నిలబడింది.